చాలని గుడ్డతో కుట్టిన సినిమాలు

ప్రశ్న:

అక్కా, నమస్తే. మాది ఒడిశాలో గుణుపురం. నా వయసు 43. ఇంటి ముందు గదిలో టైలరింగ్ చేస్తాను. పగలంతా జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు. రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్‌ని దారాల డబ్బాకి ఆనించి సినిమా పెట్టుకుని చీరలకి ఫాల్స్ కుట్టుకుంటాను. గొప్ప సినిమాలేం కావు. ఎవరికీ తెలియని నటులు, ఒక పాత బంగళా, ఒక హత్య, కరెంటు పోవడం, తలుపు కిర్రుమనడం. తెలుగువి, హిందీవి, డబ్బింగ్ చేసిన ఇంగ్లీషువి కూడా. ఏడాదిగా ఇదే పని. మా ఆయన అడిగితే ప్రవచనం వింటున్నానని చెప్పాను. మొన్న సెలవులకి వైజాగ్ నుంచి వచ్చిన మా అబ్బాయి నా ఫోన్ చూసి "ఏంటమ్మా, అన్నీ సీ గ్రేడ్ సినిమాలే" అని నవ్వాడు. తల కొట్టేసినట్టయింది. రాత్రిపూట ఇంట్లో దెయ్యాల అరుపులేమిటని మా అత్తగారు ఒకటే గోల. పొద్దున్నే దీపం పెడుతుంటే నాకూ ఏదో తప్పు చేసినట్టుంటుంది. పోయిన నెల ఒక సినిమాలో ఒక అమ్మాయిని హింసపెట్టిన తీరు చూశాక రెండు రోజులు అన్నం సహించలేదు. అయినా మూడో రోజు ఇంకో సినిమా పెట్టాను. నాలో ఏదైనా లోపం ఉందా అక్కా? మానేయాలా?

– ఒక చెల్లెలు, గుణుపురం

సమాధానం:

చెల్లెమ్మా,

నీలో లోపం లేదు. మానేయనక్కర్లేదు. ఈ రెండు మాటలూ ముందే చెప్పేస్తే మిగతా ఉత్తరం స్థిమితంగా చదువుకుంటావు.

నేనూ మీ పక్క ఊరిదాన్నే, పర్లాకిమిడిలో పెరిగాను. 1980ల చివర్లో మా వీధిలో పెళ్లయినా, పండగొచ్చినా వీసీఆర్ అద్దెకి తెచ్చేవారు. కలర్ టీవీ, వీసీఆర్, నాలుగు క్యాసెట్లు, తెల్లవార్లూ జాగారం. మొదటిది భక్తి సినిమా, పెద్దవాళ్ల కోసం. రెండోది, మూడోది అందరూ చూసేవి. నాలుగో క్యాసెట్ వేసేసరికి రాత్రి రెండు దాటేది. పెద్దలు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయేవారు. అప్పుడు పడేది హిందీలో రామ్సే సోదరులు తీసిన దెయ్యం సినిమా. టేపు అరిగిపోయి తెర మీద గీతలు పడేవి, బొమ్మ వణికేది. వీసీఆర్ తెచ్చిన కుర్రాడు మూత తీసి మెత్తటి గుడ్డతో హెడ్ తుడిచి మళ్లీ బిగించేవాడు. ఆ రెండు నిమిషాలూ చీకట్లో, చాప మీద, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని కూర్చునేవాళ్లం. మీ గుణుపురం నుంచి చిన్న రైల్లో వచ్చేది మా పెద్దమ్మ కూతురు. దాని గోళ్లు నా ముంజేతిలో దిగిపోయేవి. సినిమా కథ ఒక్కటీ గుర్తు లేదు నాకు. పొద్దున్న స్నానానికి వెళ్తే నీళ్లు తగిలి చురుక్కుమన్న ఆ నాలుగు గాట్లు మాత్రం బాగా గుర్తు.

ఆ రామ్సేలు ఏడుగురు అన్నదమ్ములు. ఒకరు కెమెరా, ఒకరు సౌండు, ఒకరు ఎడిటింగు, ఒకరు రాత, ఇలా పని పంచుకున్నారు. 1972లో వాళ్ల మొదటి దెయ్యం సినిమాకి సెట్లు వేయించే స్తోమత లేక, కుటుంబమంతా మహాబలేశ్వర్‌లో ఒక గెస్ట్‌హౌస్‌కి చేరి అక్కడే తీసేశారు. పన్నెండేళ్లకి, 1984లో, వాళ్ల పురానా మందిర్ దేశమంతా ఆడింది.

ఇప్పుడు నీ పనిలోకి వస్తాను, నీ ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది కాబట్టి. ఒకామె మీటరు పట్టే జాకెట్టుకి ఎనభై సెంటీమీటర్ల ముక్క తెచ్చిస్తుంది. చేతులు మోచేతి దాకా రావాలంటుంది. నువ్వు గుడ్డని నేల మీద పరిచి అటు తిప్పి ఇటు తిప్పి చూస్తావు. క్రాస్ కటింగ్ కుదరదని తేలిపోతుంది. ముందు వీపు భాగం వేసుకుంటావు, మిగిలిన దాంట్లో ముందు ముక్కలు సర్దుతావు. చేతుల దగ్గరికొచ్చేసరికి నాలుగు వేళ్ల గుడ్డ తక్కువ. చంక కింద చిన్న ముక్క అతుకుతావు, చెయ్యి దించితే ఎవరికీ కనపడదు. లోపలి పట్టీలకి లైనింగ్ గుడ్డ వాడేస్తావు. ఆమె వేసుకుని అద్దంలో చూసుకుని మురిసిపోతుంది. అతుకు ఎక్కడుందో నీకొక్కదానికే తెలుసు.

డబ్బు చాలని థ్రిల్లర్ తీసేవాడు చేసేది అచ్చం ఇదే పని. ఏడాదిగా నువ్వు రాత్రిపూట చూస్తున్నది ఆ పనితనాన్ని. నీకు తెలియకుండానే నీ చెయ్యి ఇంకో చేతిని గుర్తుపట్టింది.

1978లో అమెరికాలో హాలోవీన్ అనే సినిమా వచ్చింది. మొత్తం ఖర్చు మూడు లక్షల డాలర్ల చిల్లర, అక్కడి సినిమావాళ్ల లెక్కలో చాలా చిన్న డబ్బు. కథ జరిగేది ఆకులు రాలే కాలంలో. షూటింగ్ జరిగిందేమో కాలిఫోర్నియాలో, వసంతంలో, చెట్లన్నీ పచ్చగా ఉన్నప్పుడు. వాళ్లు ఆకులకి ఎండుటాకుల రంగు వేసి వీధిలో చల్లారు. షాట్ అయ్యాక ఆ ఆకుల్నే ఏరి సంచుల్లో నింపి ఇంకో షాట్‌కి పట్టుకెళ్లారు. హంతకుడి మాస్కు రెండు డాలర్లు కూడా కాదు. ఒక టీవీ సీరియల్ కథానాయకుడి ముఖంతో దుకాణంలో దొరికే మాస్కు కొని, తెల్ల రంగు కొట్టి, కంటి బెజ్జాలు పెద్దవి చేశారు. ఆ తెల్ల ముఖంలో కోపం ఉండదు, నవ్వు ఉండదు, ఏమీ ఉండదు. అందుకే అంత భయం. సంగీతానికి వేరే మనిషిని పెట్టుకోకుండా దర్శకుడు జాన్ కార్పెంటరే కట్టుకున్నాడు. ఆకులు ఏరుకుంటున్న ఆ మనుషుల్ని తలుచుకున్నప్పుడల్లా వాళ్ల మీద నాకు ప్రేమ పొంగుకొస్తుంది. కత్తిరింపుల్లోంచి పనికొచ్చే ముక్కలు ఏరి నువ్వు సంచిలో వేసుకుంటావే, అలాంటివాళ్లు.

ఇవాళ వందల కోట్లతో సినిమాలు తీసే క్రిస్టఫర్ నోలన్ మొదటి సినిమా, 1998 నాటి ఫాలోయింగ్, సుమారు ఆరు వేల డాలర్లలో అయిపోయింది. అందరికీ వారమంతా ఉద్యోగాలు. శని, ఆదివారాల్లో తీసుకుంటూ ఏడాది పట్టించారు. ఫిల్ము ఖరీదు కాబట్టి నాటకానికి చేసినట్టు ముందే రిహార్సల్స్ చేసుకుని, కెమెరా తిప్పాక ఒకటి రెండు టేకుల్లో ముగించేవారు. గుడ్డ తక్కువైనప్పుడు నువ్వు కత్తెర పెట్టే ముందు సుద్దతో రెండుసార్లు గీసుకోవూ!

మన రామ్‌గోపాల్ వర్మ 1999లో హిందీలో తీసిన కౌన్‌లో ఒకే ఇల్లు, ముగ్గురు మనుషులు, వాన, తలుపు బెల్లు. ఒక్క పాట లేదు. ఉన్నదంతా ఆ తలుపు తీయాలా వద్దా అన్న టెన్షనే. ఇంటి బయట ఎవరున్నారో చూపించడానికి డబ్బు కావాలి. చూపించకుండా ఉండడానికి ధైర్యం చాలు. దెయ్యాన్ని తెర మీదికి తెస్తే మేకప్ ఖర్చు. చీకట్లో వదిలేస్తే దాన్ని నువ్వే తయారు చేసుకుంటావు, నీ భయం కొలతలకి సరిగ్గా సరిపోయేటట్టు.

అన్నీ ఇలాంటివని నేననను. నువ్వు చూసేవాటిలో చాలావరకు అతుకుల బొంతలే అయ్యుంటాయి. పైనుంచి మైకు వేలాడుతూ కనపడుతుంది, చచ్చిపడిన మనిషి పొట్ట పైకీ కిందికీ ఆడుతుంది, చివరి రీల్లో పోలీసు వచ్చి కథంతా ఒక్క గుక్కలో చెప్పేస్తాడు. నాకు అవీ ఇష్టమే. కుట్టు తప్పిన చోట ఎలా తప్పిందో తెలుస్తుంది, అది చూసే ఆనందం వేరు. నీకూ అలాగే ఉంటుందనుకుంటాను.

మీ అబ్బాయి నవ్వాడని బాధపడ్డావు. వాడికి ఒక్క సినిమా సంగతి చెప్పు. 1968లో నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్ అని జార్జ్ రొమేరో తీశాడు. లక్షా పద్నాలుగు వేల డాలర్లు, నలుపు తెలుపు, చాలావరకు ఒకే పల్లెటూరి ఇంట్లో కథ. రక్తానికి చాక్లెట్ సిరప్ వాడారు. విడుదలకి ముందు సినిమా పేరు మార్చారు, ఆ హడావిడిలో కొత్త పేరు కింద కాపీరైట్ ప్రకటన వేయడం మర్చిపోయారు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం హక్కులు పోయాయి. అందుకే ఇవాళ దాన్ని ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, అందులో దొంగతనం ఏమీ లేదు. అంత తక్కువలో తీసిన ఆ శవాల సినిమాని 1999లో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, భద్రపరచవలసిన సినిమాల జాతీయ జాబితాలో చేర్చింది. గ్రేడ్లు డబ్బుని చూసి వేస్తారా, పనిని చూసి వేస్తారా అని మీ అబ్బాయిని అడుగు. దెబ్బలాడినట్టు కాకుండా, నిజంగా అడుగు. వచ్చే సెలవులకి పక్కన కూర్చోబెట్టుకుని ఒకటి చూపించు. చదువుకునే పిల్లాడు కదా, ఆకులు ఏరుకున్న సంగతి వాడికి నాకంటే బాగా పడుతుంది.

భయం ఎందుకు రుచిస్తుందన్నది ఇంకో సంగతి. పాల్ రోజిన్ అనే అమెరికా మానసిక శాస్త్రవేత్త మిరపకాయ కారాన్ని మనుషులు ఎందుకు ఇష్టపడతారని ఏళ్ల తరబడి పరిశోధన చేశాడు. కారం తగలగానే నోరు ప్రమాదం అని కేకపెడుతుంది, కళ్లల్లోంచి, ముక్కులోంచి నీళ్లు. మనసుకి తెలుసు ఏమీ కాదని. ఆ తేడాలోనే సుఖం పుడుతుందన్నాడాయన. భయపెట్టే సినిమాల్నీ ఆ కోవలోనే చేర్చాడు. కొత్తావకాయ కలిపిన రోజు హా హూ అంటూనే ఇంకో ముద్ద అడిగే మనకి ఇది ఇంకొకరు చెప్పాలా? పైగా ఇల్లు నడిపే ఆడదాని భయాలు ఒక పట్టాన తెగవు. ఫీజులు, బాకీలు, పెద్దవాళ్ల ఆరోగ్యం, ఇవి ఏళ్ల తరబడి సాగుతాయి. ఆ పాత బంగళా భయం గంటన్నరలో తేలిపోతుంది. హంతకుడు దొరుకుతాడు, నువ్వు దారం తెంపుకుని పడుకుంటావు.

దీపం సంగతి రాశావు. మన గంజాం, గజపతి వైపు పల్లెల్లో ప్రహ్లాద నాటకం ఆడతారు, నువ్వు చూసే ఉంటావు. జలంత్ర సంస్థానపు రాజు రామకృష్ణ ఛోటరాయ్ ప్రాపకంలో పుట్టిన నాటకం అది. రాత్రంతా నడిచి నడిచి, జనం కునుకు తీస్తున్న వేళ నరసింహుడి మాస్కు, అంటే ఆయన ముఖం, బయటికొస్తుంది. ఆ ముఖానికి పూజ చేస్తారు. పెట్టుకున్న మనిషికి పూనకం వస్తుంది, హిరణ్యకశిపుడి వేషగాడి మీదికి నిజంగానే దూకుతాడేమోనని పక్కన మనుషులు గట్టిగా పట్టుకుంటారు. మా మేనమామ భుజాల మీద కూర్చుని చూశాను నేను. రెండు చేతులతో ముఖం మూసుకుని, వేళ్ల సందుల్లోంచి. కింద మా అమ్మమ్మ దణ్ణం పెడుతోంది, ఆవిడ చేతులు వణుకుతున్నాయి. భక్తీ, భయమూ ఒకే చాప మీద కూర్చున్న చోట పెరిగాం మనం. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన ఎనిమిది రసాల్లో భయానకం ఒకటి, బీభత్సం ఒకటి. రాత్రి భయపడిన చేతులతో పొద్దున్న దీపం పెట్టొచ్చు.

మీ అత్తగారిని ఒకటడిగి చూడు. 1978లో విఠలాచార్య జగన్మోహిని వచ్చినప్పుడు చూశారా అని. పొయ్యిలో కట్టెలకి బదులు కాళ్లు పెట్టి వంట చేసే దెయ్యాన్ని ఆ కాలం వాళ్లు మర్చిపోలేరు. తక్కువ డబ్బుతో తీయడంలో విఠలాచార్యని మించినవాడు మన దగ్గర లేడు. చూసి ఉంటే ఆ కబురు ఆవిడే మొదలుపెడతారు. అయితే నిద్రపోయే మనిషి చెవిలో అరుపులు పడడం మాత్రం నిజంగానే ఇబ్బంది. ఇయర్‌ఫోన్ కొనుక్కో, ఒక్క చెవికే పెట్టుకో. ఆవిడ పిలిస్తే రెండో చెవికి వినపడాలి.

ఇక ప్రవచనం అబద్ధం. పొద్దున్న దీపం దగ్గర నిన్ను గుచ్చుతున్నది ఇదేనని నా అనుమానం. రేపు టీ ఇచ్చేటప్పుడు మీ ఆయనతో "ఏమండీ, రాత్రిళ్లు నేను వినేది ప్రవచనం కాదు, హత్యల సినిమాలు చూస్తున్నాను, నాకు ఇష్టం" అని చెప్పేసెయ్. అంతే. సంజాయిషీలు వద్దు, క్షమాపణ వద్దు. కాసేపు ఆశ్చర్యపోతారు, నవ్వుతారేమో కూడా. పగలంతా మిషను తొక్కిన మనిషి రాత్రి తనకి నచ్చింది చూసుకోవడం దాచుకోవలసిన విషయమే కాదు. ఒకటి దాచావంటే ఇంకోటి దాచాల్సి వస్తుంది. చివరికి సినిమాలో హంతకుడికంటే మీ ఆయన అడుగుల చప్పుడుకే ఎక్కువ భయపడతావు.

నీ ఉత్తరంలో నన్ను కదలనివ్వని వాక్యం మాత్రం వేరే ఉంది. ఆ అమ్మాయి సంగతి.

ఆ దృశ్యాన్ని మళ్లీ చూడమనను. గుర్తున్నంతలో ఒక్కటి ఆలోచించు: కెమెరా ఎవరి పక్కన నిలబడింది? ఆమె పక్కనా, ఆమెని హింసించేవాడి పక్కనా? ఇంగ్లీషు సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ 1960లో సైకో తీసినప్పుడు తన టీవీ కార్యక్రమం యూనిట్‌తో, నలుపు తెలుపులో, తక్కువ ఖర్చుతోనే తీశాడు. స్నానాల గదిలో హత్య దృశ్యానికి ఏడు రోజులు పట్టింది. తెర మీద ఆ హత్య నిమిషం లోపే. కత్తి ఒంట్లో దిగడం దాదాపు కనపడదు. చిన్న చిన్న షాట్లు కత్తిరించి అతికించి, గాయం మన మనసులో చేశాడు. మనం ఆ అమ్మాయి కోసం భయపడతాం. ఇంకో రకం ఉంది. పోస్టరు మీద చిరిగిన జాకెట్టు వేసి, ఒక మానభంగం దృశ్యాన్ని సాగదీసి టిక్కెట్లు అమ్ముకున్నవి. ఇలాంటివి మన భాషలోనూ వచ్చాయి, హిందీలో లెక్కలేనన్ని. ఈ సినిమాల్ని ఎంత ప్రేమించినా దాన్ని మాత్రం నేను వెనకేసుకురాను. గుడ్డ చాలకపోతే అతుకు వేసుకోవాలి. పక్కింటావిడ చీర చింపి తెచ్చుకోకూడదు.

అలాంటిది మొదలైందని తెలియగానే కట్టేసెయ్. మొదలుపెట్టిన సినిమాని పూర్తి చేయాలన్న బాకీ ఎవరికీ లేదు. నీకు అన్నం సహించకపోవడం చూసి నాకు దిగులు కలగలేదు, నీ మనసు సరిగ్గా పనిచేస్తోందనిపించింది. మూడో రోజు ఇంకోటి పెట్టినందుకు బాధపడకు. ఒక పూట పెరుగు పులిసిపోయిందని జన్మలో పెరుగు మానేస్తామా? ఒకవేళ ఆ బొమ్మ ఇప్పటికీ కళ్ల ముందుకొచ్చి నిద్ర పాడుచేస్తుంటే, లేక నీ సొంత జీవితంలో ఎప్పుడో జరిగినదేదైనా అది కదిలించి ఉంటే, ఒంటరిగా మోయకు. నమ్మకమైన మనిషితో చెప్పుకో. మనసు బాధలు చెప్పుకోవడానికి ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్ అనే ఉచిత నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. నాకు మళ్లీ రాసినా సరే.

చిన్న చిన్నవి రెండు మూడు. పన్నెండు దాటనివ్వకు. నల్ల చీరకి ఫాల్ కుట్టే రాత్రి సినిమా వద్దు, కళ్లు సూది మీదే ఉండాలి. ఫ్రీ సినిమా అని వచ్చే తెలియని లింకులు నొక్కకు, నీ డబ్బులన్నీ ఆ ఫోన్లోనే ఉంటాయి.

దసరా దగ్గరపడితే జాకెట్ల గుట్ట పడుతుంది నీకు, తీరిక ఉండదు. ఈలోపు 1985లో వంశీ తీసిన అన్వేషణ చూడు, ఎప్పుడో చూసినా మళ్లీ చూడు. పక్షుల కూతల మీద పరిశోధన చేయడానికి ఒక అమ్మాయి అడవికొస్తుంది. అక్కడ వరసగా జనం చచ్చిపోతుంటారు, పులి చంపుతోందంటారు. సంగీతం ఇళయరాజా. నేను చెప్పినట్టు ఒక్క చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఆయన సగమే వినపడతాడు. ఆ ఒక్క రాత్రీ రెండు చెవులకీ పెట్టుకో.

– అక్క